ఆడవాళ్ళ వైపు చెప్పుల పెట్టె

ఆదివారం మధ్యాహ్నం నమాజు అయిపోయింది. పిల్లల ఖురాన్ క్లాసు వదిలారు. చలికోట్లు తగిలించుకుంటూ, ఒకరి టోపీ ఒకరు లాక్కుంటూ నలభై మంది పిల్లలు గుమ్మం మీద పడ్డారు. బయట మైనస్ ఇరవై ఆరు. విన్నిపెగ్‌లో ఫిబ్రవరి అంటే అంతే. రేపట్నుంచి రంజాన్.

ఆ మసీదు ఒకప్పుడు బౌలింగ్ ఆడే హాలు. పంతొమ్మిదేళ్ళ కిందట కొన్నప్పుడు బంతులు దొర్లే చెక్కలన్నీ పీకేసి తివాచీ పరిచారు గానీ, ఆటకొచ్చినవాళ్ళు బూట్లు పెట్టుకునే గూళ్ళు మాత్రం ఉంచేశారు. నంబర్లు వేసిన మంచి కర్రగూళ్ళు, పారేయడానికి ఎవరికి మనసొప్పుతుంది? సగం మగవాళ్ళ గుమ్మం దగ్గర బిగించారు. సగం వెనకవైపు, చెత్తడబ్బాల పక్కనున్న ఆడవాళ్ళ గుమ్మం దగ్గర.

ఆ గూళ్ళతో ఒక్కటే పేచీ. జోళ్ళు గూట్లో పెట్టి, లోపలికెళ్ళి అబద్ధం ఆడితే, బయటికొచ్చేసరికి అవి కాలికి పట్టవు. వేళ్ళదాకా వెళ్ళి ఆగిపోతాయి. చెంచా పెట్టి ఎక్కించినా లాభం లేదు. ఆ జోడు ఇక ఆ కాళ్ళకి పనికిరాదు, చిన్నకాళ్ళవాళ్ళు ఎవరైనా ఉంటే ఇచ్చెయ్యాల్సిందే. మొదటి చలికాలం నలుగురైదుగురు ఉత్త మేజోళ్ళతో మంచులో నడిచి జ్వరాలు తెచ్చుకున్నాక, కమిటీ రెండు అట్టపెట్టెల నిండా రబ్బరు చెప్పులు కొని పెట్టింది. అటొకటి, ఇటొకటి. కొత్తగా వచ్చినవాళ్ళకి కాళ్ళు కడుక్కునే చోటు చూపించినట్టే ఆ పెట్టె కూడా చూపిస్తారు.

ఒకసారి ప్రభుత్వం తాలూకు మనుషులిద్దరు వచ్చారు. "ఊరికే, పరిచయం చేసుకుని పోదామని," అన్నారు. టీ తాగారు. కొత్తగా ఎవరెవరు వస్తున్నారు, కుర్రాళ్ళకి ఏం పాఠాలు చెబుతున్నారు అని నవ్వుతూ అడిగారు. పోయేటప్పుడు నీలం రబ్బరు చెప్పులతో పోయారు. పోయిన ఏడాది పార్కింగులో ఎవరి కారు ఎవరి కారుని గుద్దిందో తేలకపోతే, మసీదు అధ్యక్షుడు డాక్టర్ రవూఫ్ ఇద్దరినీ లోపల కూర్చోబెట్టి మాట్లాడించాడు. తర్వాత గుమ్మం దగ్గర నిలబడి, ఎవరి బూటు పట్టలేదో చూసి తీర్పు చెప్పాడు. ఆ తీర్పు రిజిస్టర్లో రాసి సంతకం కూడా పెట్టాడు.

రవూఫ్ పళ్ళ డాక్టరు. ఇన్నేళ్ళలో ఆయనకి ఒక్కసారీ రబ్బరు చెప్పుల అవసరం రాలేదు. అబద్ధం ఆడడు. నిజం కూడా చెప్పడు. "చూద్దాం," "పరిశీలనలో ఉంది," "ఇన్షా అల్లా" అంటూ కర్ర విరగకుండా పాము చావకుండా పదకొండేళ్ళుగా ఆ కుర్చీలో ఉన్నాడు.

ఆడవాళ్ళ వైపు పెట్టె మాత్రం ఎప్పుడు చూసినా ఖాళీయే. మగవాళ్ళ పెట్టె నింపితే ఆర్నెల్లు వచ్చేది, ఇటుది మూడు వారాలు కూడా రాదు. "ఆడవాళ్ళు కదండీ, నోరు ఊరుకోదు," అని కమిటీలో ఒక పెద్దమనిషి అంటే అందరూ పకపకా నవ్వారు. ఇంకో రెండు డజన్ల చెప్పులు తెప్పించారు.

ఆ ఆదివారం ఇడిల్ ఆడవాళ్ళ గుమ్మంలో మంచు దులుపుకుని తన బూట్లు గూట్లో పెట్టింది. సిటీ బస్సు నడుపుతుందామె. పొద్దున్న డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. డిపోలో ఇచ్చిన నల్ల బూట్లు, లోపల ఉన్ని, కింద ఇనుప మేకుల్లాంటి పట్టు. ముప్పై ఆరేళ్ళ మనిషి. సోమాలియాలో పుట్టి, నాలుగో ఏట ఈ ఊరొచ్చింది.

ఆమెకి కావలసింది ఒక్క కాగితం. మూడేళ్ళ కిందట ఆమె మొగుడు లిబాన్ రెండు వారాల్లో వస్తానని మినియాపొలిస్ వెళ్ళాడు. అక్కడ ఇంకో పెళ్ళి చేసుకున్నాడు, ఒక బిడ్డ కూడా. ఇక్కడి కోర్టు ఎప్పుడో విడాకులిచ్చేసింది. కానీ మసీదులో చేసుకున్న నికా మసీదులోనే తెగాలి. అది తెగేదాకా, ఆమె తల్లి దృష్టిలోనూ, ఇంటి పక్క సోమాలీ ఆడవాళ్ళ దృష్టిలోనూ, నిజం చెప్పాలంటే తన దృష్టిలోనూ, ఇడిల్ లిబాన్ పెళ్ళామే. బస్సు డిపోలో మెకానిక్ ఒకతను, మంచివాడు, ఏడాదిన్నరగా ఆమె కోసం ఆగి ఉన్నాడు. ఆమెకి పిల్లలు కావాలి. డాక్టరమ్మ ఆమెతో, "ఆలస్యం చెయ్యకు," అని మొహమాటం లేకుండా చెప్పింది.

లిబాన్ ఖురాన్ మొత్తం కంఠతా పట్టినవాడు. వాడి గొంతు వింటే రాళ్ళు కరుగుతాయంటారు. రంజాన్ నెలంతా రాత్రి నమాజులు చదివించడానికి కమిటీ వాడినే పిలుస్తుంది. తలాక్ చెప్పమంటే వాడు నవ్వాడు. "నేనెందుకు చెబుతాను? ఆమెకే వద్దనుకుంటే తనే విడాకులు అడిగి ఖులా తీసుకోమనండి. పద్ధతి ఉంది కదా. పెళ్ళికానుకగా నేనిచ్చిన మహర్ నాకు తిరిగి ఇచ్చెయ్యాలి."

అక్కడే చిక్కుంది. పెళ్ళినాడు ఇద్దరికీ పాతికేళ్ళు కూడా లేవు. భక్తి పొంగి పొర్లుతున్న వయసు. బంగారమూ వద్దు, డబ్బూ వద్దు, ఖురాన్‌లో మర్యమ్ సూరా నేర్పితే చాలు, అదే నా మహర్ అంది ఇడిల్. నికా కాగితంలో అలాగే రాశారు. వచ్చినవాళ్ళందరూ కళ్ళు తుడుచుకున్నారు. ఇప్పుడు, నేర్చుకున్న సూరాని తిరిగి ఇవ్వడం ఎలా? కమిటీ దీన్ని ఎంతో ముఖ్యమైన ధర్మసందేహంగా తీసుకుంది. కైరోకి రాసింది. మదీనాకి రాసింది. జవాబు రావాలి, అంది. పద్నాలుగు నెలలు, పద్నాలుగు సమావేశాలు.

ఇడిల్ సమావేశానికి ముందు వంటగదిలోకి తొంగి చూసింది. ఒకప్పుడు ఆటగాళ్ళకి బంగాళాదుంప వేపుళ్ళు అమ్మిన వంటగది అది. ఇప్పుడు ఆడవాళ్ళ చదువు అక్కడే. చదువు చెప్పేది మెవ్లిదా. బోస్నియా వాళ్ళు మతం చదువు చెప్పే ఆడమనిషిని బూలా అంటారు, ఈ ఊళ్ళో అందరూ ఆమెని బూలా అనే పిలుస్తారు. సారాయేవోలో ఏళ్ళ తరబడి చదివి, యుద్ధంలో ఇద్దరు అన్నదమ్ముల్ని పోగొట్టుకుని వచ్చింది. ఈ మసీదు ఆమెకి ఇచ్చిన గౌరవం ఒక సింకు, రెండు మడత బల్లలు.

"ఎన్నోసారి?" అంది బూలా, పొడుగు పిడి ఇత్తడి గిన్నెలో కాఫీ పొంగకుండా చూస్తూ.

"పదిహేను."

"వాడి సంగతేంటి, వచ్చాడా?"

"వచ్చాడు. రేపటి నమాజు వాడిదేగా."

"చూశాను, చూశాను. గోడ నిండా పోస్టర్లు. పెళ్ళికొడుకులా ఫోటో. ఎన్ని పెళ్ళిళ్ళు చేసుకున్నా మొహంలో ఆ కళ పోలేదు." గిన్నె దించింది. "మర్యమ్ ఎవరు నేర్పారే నీకు?"

"మీరే. ఈ సింకు దగ్గరే."

"ఆ మాట వాళ్ళకి ఎందుకు చెప్పలేదు?"

ఇడిల్ నేల చూసింది. "సిగ్గేసింది బూలా. మొదటి వారం నాలుగు వాక్యాలు నేర్పాడు. ఎముకలు సడలిపోయాయి, తల నెరిసింది అని జకరియ్యా ప్రవక్త అల్లాకి మొరపెట్టుకునే చోటు దాకా. తర్వాత తీరిక లేదన్నాడు. ఊరంతా పొగిడిన మహర్ అది. మొగుడు నేర్పడం లేదని ఎవరికి చెప్పుకోను?"

"అందుకని నీ తల నెరిసేదాకా అక్కడే ఆగుదామనుకున్నావా? పద, నేనూ వస్తాను."

"మిమ్మల్ని పిలవలేదు కదా."

"నన్ను పిలిచింది ఎప్పుడు కనక?"

కమిటీ గదిలో గోడకి ఇంకా పాత బౌలింగ్ కప్పులు వరసగా ఉన్నాయి. బల్ల ఒక చివర డాక్టర్ రవూఫ్, పక్కన ఇమాం షుఐబ్. ఇమాం మొరాకోలో పదకొండేళ్ళు శాస్త్రం చదివిన కుర్రవాడు. ఖులా గురించి ఆ ఊళ్ళో అతనికి తెలిసినంత ఎవరికీ తెలియదు. కానీ అతని వర్క్ పర్మిట్‌కి ఏటా అధ్యక్షుడు ఉత్తరం ఇవ్వాలి. అందుకని సమావేశాల్లో అతను రాస్తాడు, మాట్లాడడు. ఎదురుగా లిబాన్, అత్తరు వాసన కొడుతూ. బల్ల మధ్యలో వాడి పోస్టర్ల కట్ట.

"రండమ్మా, రండి," అన్నాడు రవూఫ్. బూలాని చూసి ఒక్క క్షణం ఆగాడు. "మీరు కూడానా? సరే, మంచిదే."

లిబాన్ మొదలెట్టాడు. వాడు అబద్ధం ఆడడు, ప్రశ్నలు వేస్తాడు. "నికా కాగితంలో మహర్ మర్యమ్ సూరా అని రాయలేదా? ఇడిల్‌కి ఇవాళ మర్యమ్ సూరా కంఠతా రాదా? తొంభై ఎనిమిది వాక్యాలూ తప్పు లేకుండా చదవదా? మరి నేను అడిగేదాంట్లో అన్యాయం ఏముంది?"

"ప్రశ్న సమంజసమే," అన్నాడు రవూఫ్. "మనం రాసిన ఉత్తరాలకి..."

"ఉత్తరాలు పొయ్యిలో పెట్టండి," అంది బూలా. "ప్రవక్త కాలంలో ఒకావిడ వచ్చి, నా మొగుడి గుణంలో గానీ దీన్‌లో గానీ, భక్తిలో గానీ తప్పు పట్టను, కానీ అతనితో ఉండలేను అంది. అతనిచ్చిన తోట తిరిగి ఇస్తావా అని అడిగారు. ఇస్తానంది. అయిపోయింది. ఆ కాసేపట్లోనే! అప్పుడు కైరోకి ఎవరూ రాయలేదు, అప్పటికి కైరోయే లేదు. చేతిలో రెండేసి ఫోన్లు పెట్టుకుని మీకు పద్నాలుగు నెలలు కావాలా? అబ్బాయ్ లిబాన్, ఒక్క మాట చెప్పు. ఈ పిల్లకి మర్యమ్ నేర్పింది ఎవరు?"

లిబాన్ కళ్ళు గుమ్మం వైపు, తన కొత్త తోలు బూట్లున్న వైపు పోయాయి. తర్వాత చిరునవ్వు నవ్వాడు.

"నేర్పేవాడు అల్లా ఒక్కడే కదా బూలా."

"మాషా అల్లా! ఎంత బాగా చెప్పావు. అయితే ఆ మహర్ ఆయనకే తిరిగి ఇస్తుంది. నీకేం సంబంధం?"

ఇమాం పెన్ను ఆగింది. నవ్వు ఆపుకోవడానికి అతను దగ్గాడు. లిబాన్ ముఖం కందగడ్డ అయింది. రవూఫ్ కుర్చీలో అటు ఇటు కదిలాడు. రేపు రంజాన్. పోస్టర్లు అచ్చయిపోయాయి, పక్క ఊళ్ళ నుంచి జనం లిబాన్ గొంతు వినడానికి వస్తున్నారు. ఇవాళ వాడిని నొప్పిస్తే రేపు ఎవరు చదువుతారు?

"మంచి చర్చ జరిగింది," అన్నాడు రవూఫ్. "అల్హందులిల్లా, దాదాపు దారికి వచ్చాం. కానీ పవిత్ర మాసం వాకిట్లో ఉంది. ఈ నెలలో కుటుంబాలు కలపాలి గానీ విడదీయడం చూడ్డానికి బాగుండదు. ఈద్ అయ్యాక, ఇన్షా అల్లా, మొదటి పని ఇదే. ఇన్నాళ్ళు ఆగారు. ఒక్క నెల ఓపిక పడతారు కదమ్మా? మీరు సరే అంటే, మీ సమ్మతితోనే వాయిదా వేశామని రాసుకుంటాం."

బూలా ఇడిల్ మోచేతిని గట్టిగా గిల్లింది. ఇడిల్‌కి ఏమీ తెలియనట్టే ఉంది. తెల్లవారుజామున నాలుగింటి నుంచి స్టీరింగ్ పట్టుకున్న చేతులు. చిన్నప్పట్నుంచి ఎవరైనా పెద్దవాళ్ళు మెత్తగా "అవునా అమ్మా?" అని అడిగితే అవుననే నోరు. పద్నాలుగుసార్లు అదే మాట అడిగారు, పద్నాలుగుసార్లు ఊరుకుని తల దించుకుంది. ఈసారి మాట కావాలన్నారు.

"సరేనండీ," అంది. "నాకేం పర్లేదు. ఓపిక పడతాను."

రవూఫ్ చేతులెత్తి దువా చేశాడు. లిబాన్ అందరికంటే గట్టిగా ఆమీన్ అన్నాడు. బూలా లేచి వంటగదిలోకి పోయి తలుపు వేసుకుంది.

ఆడవాళ్ళ గుమ్మం దగ్గర ఇడిల్ బెంచీ మీద కూర్చుని కుడి బూటు తొడుక్కుంది. వేళ్ళు లోపలికి వెళ్ళాయి. అక్కడ ఆగిపోయాయి. నాడాలు వదులు చేసింది. మళ్ళీ తోసింది. ఎడమది తీసింది. అదీ అంతే. ఎనిమిది నెలలుగా రోజూ తొడుగుతున్న బూట్లు, మడమ దగ్గర తన కాలి అచ్చు పడిన బూట్లు, పరాయివాళ్ళవి అయిపోయాయి.

ఆమె ఇన్నేళ్ళలో ఈ మసీదులో అబద్ధం ఆడి ఎరగదు. చెప్పుల కోసం అట్టపెట్టెలో చెయ్యి పెట్టింది. పెట్టె ఖాళీ. రెండు వారాల కిందటే నింపారు.

ఆమె వంగి ఖాళీ పెట్టె అడుగు చూసింది. ఈ చెప్పులు వేసుకుని పోయింది ఎవరు? మొహం మీద దెబ్బని తలుపు తగిలిందని చెప్పిన ఖదీరా. కొడుకు ఫోన్ చేస్తూనే ఉంటాడని చెప్పే ముసలి సూహైలా. వంటగది చాలా సౌకర్యంగా ఉందని కమిటీకి ఏటా చెప్పే వాళ్ళందరూ. నోరు ఊరుకోదని నవ్వారు మగవాళ్ళు. ఊరుకున్న నోళ్ళే ఇవన్నీ. బాగానే ఉన్నాం, పర్లేదు, ఓపిక పడతాం. మూడు వారాలకి రెండు డజన్లు.

కోపం ఆమెకి అరికాళ్ళ నుంచి వచ్చింది. బూట్లు రెండూ నాడాలతో పట్టుకుంది. మంచునీళ్ళు కారుతున్న ఆ బూట్లు మోసుకుంటూ, తివాచీ మీంచి, మగవాళ్ళ వరసల మధ్యనుంచి నడిచి కమిటీ గది తలుపు తోసింది.

వాళ్ళు ఖర్జూరాలు తింటున్నారు. ఇడిల్ బూట్లని పోస్టర్ల కట్ట మీద దబ్బున పెట్టింది. లిబాన్ ఫోటో మీద నీళ్ళు కారాయి.

"అమ్మా! ఇది మసీదు!" అన్నాడు రవూఫ్.

"అందుకే తెచ్చానండీ. ఇందాక ఇక్కడ కూర్చుని నేను అబద్ధం ఆడాను. నాకు ఓపిక లేదు. పర్లేదన్నదీ నిజం కాదు. పద్నాలుగు నెలల కిందటే లేదు. ఒక నెల కాదు, ఒక్క రోజు కూడా వీడి పెళ్ళాంగా ఉండలేను. ఉంటే నా దీన్ కూడా పాడవుతుంది, ఎందుకంటే వీడు ముందు నిలబడి చదువుతుంటే నాకు అల్లా గుర్తు రావడం లేదు, వీడి మీద కోపమే గుర్తొస్తోంది. నా మాట మీరు నమ్మరు. సాక్షిని తెచ్చాను. తొడిగి చూపించనా?"

"కోపంలో ఉన్నావు," అన్నాడు లిబాన్. "కూర్చో."

"నువ్వు నోర్ముయ్," అంది ఇడిల్. పన్నెండేళ్ళలో మొదటిసారి.

"దీని గురించి ఈద్ అయ్యాక..." అని రవూఫ్ అంటుండగానే ఇమాం షుఐబ్ రిజిస్టర్ తిప్పడం మొదలెట్టాడు. ఒక పేజీ దగ్గర వేలు పెట్టి ఆగాడు.

"డాక్టర్ గారూ, పోయిన ఏడాది కారు తగాదాలో బూటు సాక్ష్యం చెల్లుతుందని మీరు రాశారు. మీ సంతకం ఉంది."

"అది వేరు. అది కారు."

"అవును. బంపరు సొట్టపోయింది, అదే రోజు తీర్పిచ్చారు." ఇమాం పేజీ మీంచి వేలు తియ్యలేదు. "ఖులాకి కావలసింది రెండే. ఆమె ఉండలేనని అనాలి. అంది, సాక్షి బల్ల మీద ఉంది. మహర్ తిరిగి ఇవ్వాలి. తను నేర్పలేదని లిబాన్ గారే చెప్పకనే చెప్పారు."

"నాలుగు వాక్యాలు మాత్రం నేర్పాడు," అంది ఇడిల్. ఆమెకి బాకీ ఉంచుకోవడం ఇష్టం లేదు. నిలబడే, మొదటి నాలుగు వాక్యాలూ లిబాన్ ముఖంలోకి చూస్తూ చదివింది. బూలా నేర్పిన ఉచ్చారణ, ఒక్క అక్షరం జారలేదు. వాడు నేర్పినదానికంటే బాగుంది. "ఇవిగో, నీవి నీకు ఇచ్చేశాను."

"నేను సంతకం పెట్టను," అన్నాడు లిబాన్.

"మిమ్మల్ని అడగలేదు," అని ఇమాం కొత్త పేజీ తీశాడు.

రవూఫ్ ముందుకు వంగాడు. గొంతు తగ్గించి, చాలా మర్యాదగా అన్నాడు, "షుఐబ్ గారూ, మీ పర్మిట్ ఉత్తరం నా బల్ల మీదే ఉంది. గుర్తుందా?"

"గుర్తుంది డాక్టర్ గారూ. మూడేళ్ళుగా దాన్నే చూస్తూ కూర్చున్నాను. అన్నీ తెలిసి, ఏమీ మాట్లాడలేదు. ఒక్క అబద్ధం కూడా ఆడలేదు కనక నా బూట్లు ఇవాళ్టికీ భేషుగ్గా పడతాయి. వాటిని తొడుక్కోవాలంటే సిగ్గేస్తోంది."

రాశాడు. తేదీ వేశాడు. ఆమె పేరు, ఆమె తండ్రి పేరు, తాత పేరు. మళ్ళీ పెళ్ళికి ముందు ఆగవలసిన గడువు ఇవాళ్టి నుంచే మొదలని రాశాడు. సంతకం చేసి, సాక్షుల చోట ఆగి, గుమ్మం వైపు చూశాడు. ఎప్పుడు వచ్చిందో, బూలా అక్కడ నిలబడి ఉంది. చేతిలో కాఫీ. మగవాళ్ళ నమాజు హాల్లోంచి చప్పుడు విని వచ్చిన ఇద్దరు ముసలివాళ్ళు ఆమె వెనక ఉన్నారు. ముగ్గురూ వచ్చి సంతకాలు చేశారు. రవూఫ్ అడ్డు చెప్పలేదు. సరేనని కూడా అనలేదు. కిటికీలోంచి పార్కింగు చూస్తూ కూర్చున్నాడు.

ఇడిల్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో పెట్టుకుంది. ఎవరికీ థాంక్స్ చెప్పలేదు. చెప్పవలసిన పని ఎవరూ చెయ్యలేదు, ఆలస్యంగా చేశారంతే. బూట్లు అక్కడే వదిలేసింది.

మేజోళ్ళతో ఆడవాళ్ళ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి బెంచీ మీద ఒక పిల్ల కూర్చుని ఉంది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. కొత్తగా ఊరొచ్చిన ముఖం. ఒడిలో పసివాడు నిద్రపోతున్నాడు. ఒక చేత్తో వాడిని పట్టుకుని, రెండో చేత్తో పల్చటి కాన్వాసు బూటుని మడమకి ఎక్కించాలని చూస్తోంది. ఎక్కడం లేదు. ఖాళీ పెట్టె వైపు చూసింది, ఇడిల్ మేజోళ్ళ వైపు చూసింది, ఏడుపు మొహంతో నవ్వింది.

"నేనేమీ అనలేదక్కా. క్లాసులో అందరూ మీ ఆయన బాగా చూసుకుంటున్నాడా అంటే, ఆ, బాగానే అన్నానంతే. ఇప్పుడు ఇంటికెలా పోవాలి? ఆయన బయట కారులో ఉన్నాడు, లేటైతే..." మిగతాది మింగేసింది.

ఇడిల్ వంగి ఆ పిల్ల చేతిలోంచి బూటు తీసి పక్కన పెట్టింది. పసివాడిని తన భుజాన వేసుకుంది.

"లే చెల్లీ, లోపలికి పద," అంది. "ఇమాం ఇంకా పెన్ను మూత పెట్టలేదు."